నవంబరు నుంచి బాల్ పైథాన్ ఎలుకను ముట్టడం లేదు, డాక్టరేమో ఆరోగ్యంగానే ఉందంటున్నారు

ప్లేనో_నాన్న
మా అబ్బాయి పెంచుకునే బాల్ పైథాన్ (కొండచిలువల్లో ఒక జాతి) గురించి అడుగుతున్నా. మగది, వయసు మూడేళ్లు దాటింది, పేరు శేషు. దసరా వరకు రెండు వారాలకోసారి చిన్న సైజు ఎలుక (ఫ్రోజెన్‌ది, కరిగించి) పెడితే టక్కున పట్టేసేది. నవంబరు మొదట్లో మానేసింది. సంక్రాంతి కూడా వెళ్లిపోయింది, ఇంకా అదే వరస. ఎలుకను ముందుకు తెస్తే నాలుక ఆడిస్తుంది, వాసన చూస్తుంది, తల వెనక్కి లాక్కుని గూట్లోకి దూరిపోతుంది.

సరీసృపాలు చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. నోరు, ఊపిరితిత్తులు బాగున్నాయి, మలపరీక్షలో ఏమీ లేదు. "ఆరోగ్యంగా ఉంది, ఆగి చూడండి" అన్నారు. ఆగి చూడమని చెప్పినందుకు బిల్లు మాత్రం గట్టిగానే పడింది.

మా వాడు స్కూల్ నుంచి రాగానే బ్యాగు కూడా దించకుండా "తిందా?" అని అడుగుతాడు. నేను రెండు మూడు రోజులకోసారి పెట్టి చూస్తున్నాను, తినని ఎలుకలన్నీ చెత్తబుట్టకే. బలవంతంగా నోట్లో పెట్టి తినిపించే పద్ధతి ఉందట కదా, అది చేయాలా? అసలు తిండి లేకుండా ఎంతకాలం ఉండగలదు?

గోంగూర_ఘాటు
నవంబరు అంటే కార్తీక మాసం. ఉపవాసం పట్టింది, పారణ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.

కొండచిలువ_కిట్టు
ముందు కొన్ని వివరాలు చెప్పండి. వేడి వైపు నేల మీద ఉష్ణోగ్రత ఎంత, దేనితో కొలిచారు? గాజుకు అంటించే గుండ్రటి మీటరుతో అయితే ఆ అంకె పక్కన పెట్టేయండి. అది గాజు దగ్గరి గాలిని చూపిస్తుంది, పాము పొట్ట కింద ఎంత ఉందో దానికి తెలియదు. తేమ ఎంత? గూళ్లు ఎన్ని? ఈమధ్య ఇల్లు గానీ ట్యాంకు గానీ మారిందా? అన్నిటికన్నా ముఖ్యం, బరువు గ్రాముల్లో.

ప్లేనో_నాన్న
వేడి వైపు 89, 90 డిగ్రీల ఫారన్‌హీట్, చల్లటి వైపు 77. ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్‌తో కొలిచాను, హీట్ మ్యాట్‌కి థర్మోస్టాట్ ఉంది. తేమ 60 శాతం దగ్గర. వేడి వైపు ఒక గూడు, చల్లటి వైపు ఒకటి. సెప్టెంబరులో 4 అడుగుల ట్యాంకులోకి మార్చాం, కానీ అందులోకి వెళ్లాక కూడా తింది. బరువు అక్టోబరులో 1180 గ్రాములు, నిన్న 1152.

కొండచిలువ_కిట్టు
28 గ్రాములు. అంటే రెండున్నర శాతం కూడా కాదు. కడుపు ఖాళీ అయితేనే అంత తగ్గుతుంది. మీ శేషు హాయిగా ఉన్నాడు, టెన్షన్ మీకే.

బాల్ పైథాన్ పుట్టిల్లు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ గడ్డి మైదానాల్లో ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో ఉంటుంది. ఏడాదంతా వారం వారం భోజనం దొరికే బతుకు కాదు దానిది. తిండి దొరికినప్పుడు తినడం, లేనప్పుడు పుట్టలో కదలకుండా పడి ఉండటం, అంతే. పైగా ఈడొచ్చిన మగవి చలికాలంలో జత కోసం వెతుక్కునే ధ్యాసలో తిండి మానేయడం చాలా మామూలు. మన ఇళ్లలో ఆ జాతికి నవంబరు నుంచి మార్చి దాకా ఆ కాలం. ఆడది పక్కన ఉండక్కర్లేదు, వాతావరణంలో మార్పు వస్తే చాలు. మీది మగది, మూడేళ్లు, 1100 దాటిన బరువు, నవంబరులో ఆపేసింది. ఇంతకన్నా స్పష్టంగా ఏ కేసూ ఉండదు.

రెండు మూడు రోజులకోసారి పెట్టడం మాత్రం ఈరోజే ఆపండి. వద్దన్న ఎలుకను పదే పదే ముఖం ముందు ఆడిస్తే దానికి అది తిండిలా కాదు, బెదిరింపులా అనిపిస్తుంది.

రాజమండ్రి_రాజు
ఇన్ని లెక్కలు ఎందుకండీ. బతికున్న ఎలుకను వదలండి, ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. అడవిలో ఫ్రీజర్ ఉందా? నా దగ్గర ఉన్నది అలాగే దారికొచ్చింది.

పశువైద్యం_పద్మ
రాజు గారూ, ఆకలి లేని పాము దగ్గర బతికున్న ఎలుకను వదిలితే ఆకలి ఎలుకకు వేస్తుంది. మా క్లినిక్‌కి అలాంటి పాములు వస్తాయి. రాత్రంతా వదిలేసి నిద్రపోతారు, పొద్దున చూస్తే వీపు మీద కండ ఊడి వెన్నెముక కనిపిస్తూ ఉంటుంది. పాము తిరగబడదు, ముడుచుకుని పడి ఉంటుంది. తిననని మొండికేసిన పాముకే ఇది మరీ ప్రమాదం.

రాజమండ్రి_రాజు
రాత్రంతా వదలమని నేనూ అనలేదు డాక్టర్ గారూ. పక్కనే కూర్చుని పది నిమిషాలు చూసి తీసేయాలి. మొదటి నుంచీ బతికున్నవే తిన్న పాముకు ఫ్రోజెన్ ఎక్కదు, అది కూడా నిజమే కదా.

పశువైద్యం_పద్మ
అది నిజమే. కానీ శేషు మొదటి నుంచీ ఫ్రోజెన్ తిన్నాడు. వాడికి ఇప్పుడు బతికున్నది అలవాటు చేసి, వేసవిలో మళ్లీ మానిపించే పని కొత్తగా పెట్టుకోవడం ఎందుకు?

అత్తగారి_ఫ్రిజ్
నేను శాకాహారిని, మా అబ్బాయి కార్న్ స్నేక్ తెచ్చుకున్నాడు. ఫ్రీజర్‌లో బఠాణీల పక్కన ఎలుకల ప్యాకెట్టు. మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చారు, కరివేపాకు కోసం తలుపు తీశారు. ఇంకేమీ చెప్పను. ప్లేనో గారూ, మీ ఇంట్లో ఎక్కడ పెడుతున్నారు?

ప్లేనో_నాన్న
గరాజ్‌లో చిన్న ఫ్రీజర్ విడిగా కొన్నాం. పాము ఖరీదు కన్నా అదే ఎక్కువ అయింది.

గోంగూర_ఘాటు
@అత్తగారి_ఫ్రిజ్ కరివేపాకు దొరికిందా లేదా? అది చెప్పకుండా వెళ్లిపోతే ఎలా?

అత్తగారి_ఫ్రిజ్
దొరికింది. ఆవిడ వాడలేదు.

పశువైద్యం_పద్మ
నవ్వుకున్నా, ఇందులో ఆరోగ్యం సంగతి ఒకటి ఉంది. ఫ్రోజెన్ ఎలుకల్లో సాల్మొనెల్లా ఉండొచ్చు, గడ్డకట్టించినా అది చావదు. విడిగా పెట్టడమే సరైన పని. వంట సింకులో కరిగించకండి, దానికి వాడే గిన్నె, పటకారు వేరే ఉండాలి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్త. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి. లోపల ఉడికిపోతుంది, కొన్నిసార్లు పగిలిపోతుంది కూడా.

లెస్టర్_లక్ష్మి
ఇక్కడ ఇంగ్లండ్‌లో దీన్నే రాయల్ పైథాన్ అంటాం. మాదీ మగదే. ఆకులు రాలే కాలంలో ఆపేస్తే ఈస్టర్ వరకు ముట్టలేదు. మొదటి చలికాలం నేనూ ఇలాగే ఆందోళన పడ్డాను. రెండో ఏడాది నుంచి అది ఆపగానే నేనూ పెట్టడం ఆపేస్తున్నా, మధ్యలో ఎప్పుడైనా ఒకసారి చూస్తా. దానంతట అదే మొదలుపెడుతుంది.

కిట్టు గారు ట్యాంకును తప్పుపట్టలేదు, అక్కడ నేను ఒప్పుకోను. 4 అడుగుల ట్యాంకు ఎక్కువ. మళ్లీ చిన్న డబ్బాలోకి మార్చి చూడండి, చాలా వాటికి ఇరుకే ధైర్యం.

కొండచిలువ_కిట్టు
లక్ష్మి గారూ, ఈ ట్యాంకులోకి వచ్చాకే తిందని ఆయన రాశారు కదా. ఇప్పుడు మళ్లీ మారిస్తే కొత్త చోటు బెంగ ఒకటి తోడవుతుంది. దానికి భయం వేసేది పెద్ద చోటంటే కాదు, బోసిగా ఉన్న చోటంటే. మధ్యలో ఎండుటాకులు, కార్క్ బెరడు ముక్కలు, ప్లాస్టిక్ తీగలు దట్టంగా వేసి, మూడు వైపులా గాజుకు నల్ల కాగితం అంటిస్తే చాలు. ఒక గూటి నుంచి ఇంకో గూటికి పైకి కనిపించకుండా వెళ్లగలగాలి. గూడు కూడా ఒళ్లు మూడు వైపులా తగిలేంత ఇరుగ్గా ఉండాలి. షాపులో అమ్మే పెద్ద పుర్రె బొమ్మలు మనకు అందం, దానికి గూడు కాదు.

లెస్టర్_లక్ష్మి
ఆ పుర్రె మా ఇంట్లో ఉంది 😄 సరే, కదపకుండా నింపడమే మేలు, ఈ కేసులో ఒప్పుకుంటా. పిల్ల పాముల విషయంలో మాత్రం నా మాట మీదే ఉంటా.

బయాలజీ_బాబాయి
ఎంతకాలం ఉండగలదు అన్న ప్రశ్నకు ఎవరూ సూటిగా జవాబివ్వలేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద బాల్ పైథాన్‌కు నెలల తరబడి ఉపవాసం పెద్ద విషయం కాదు. బాల్ పైథాన్లు, రాట్ స్నేక్‌లు, ర్యాటిల్ స్నేక్‌ల మీద చేసిన ఒక పరిశోధనలో వాటిని దాదాపు ఆరు నెలలు తిండి లేకుండా ఉంచారు. విశ్రాంతిలో ఒంటికి అయ్యే శక్తి ఖర్చును 72 శాతం వరకు తగ్గించుకోగలిగాయి. 2007లో అచ్చయింది.

పైథాన్లలో పేగుల పనితీరు కూడా తిండిని బట్టి మారిపోతుంది. బర్మీస్ పైథాన్ల మీద బాగా చదివారు దీన్ని. ఉపవాసంలో పేగు సన్నబడి దాదాపు మూతపడుతుంది, తిన్న రెండు రోజుల్లో మళ్లీ పెరుగుతుంది, గుండె కూడా 40 శాతం దాకా బరువెక్కుతుంది. అందుకే శేషు మళ్లీ మొదలుపెట్టినప్పుడు "పాపం ఎన్నాళ్లయిందో" అని పెద్ద ఎలుక పెట్టకండి. అలవాటు సైజు కన్నా చిన్నది పెట్టండి. మూతపడిన పేగు తెరుచుకోవడానికి టైం కావాలి.

పశువైద్యం_పద్మ
బాబాయి గారి చివరి మాటకు రెండు చేతులా ఓటు. తిన్నాక కనీసం రెండు రోజులు చేతిలోకి తీసుకోకూడదు. కక్కేస్తే మళ్లీ పెట్టడానికి రెండు వారాలైనా ఆగాలి.

బలవంతంగా తినిపించడం గురించి. వద్దు. నోరు తెరిచి తోస్తే పళ్లు విరుగుతాయి, అన్నవాహికకు గాయం అవుతుంది, భయంతో కక్కేస్తుంది, తర్వాత ఎలుక వాసన వస్తేనే పారిపోతుంది. చిక్కి శల్యమైన పాములకు, పుట్టాక మొదటి తిండే పట్టని పిల్లలకు, అదీ తెలిసినవాళ్లు చేసే పని అది. 1152 గ్రాముల మగ పాముకు కాదు.

ఎప్పుడు మళ్లీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలో కూడా చెప్తా. బరువు 10 శాతం తగ్గితే, అంటే మీ లెక్కలో 1060 దగ్గరికి వస్తే. వెన్నెముక పైకి తేలి రెండు పక్కలా గుంటలు పడితే. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ఈల లాంటి శబ్దం వస్తున్నా, మూతి దగ్గర బుడగలు కనిపించినా ఆ రోజే వెళ్లాలి. నోట్లో తెల్లగా గడ్డకట్టిన పెరుగు ముక్కల్లాంటివి, ఒంటి మధ్యలో వాపు, తల పైకెత్తి వెనక్కి విరుచుకుని అలాగే ఉండిపోవడం, ఇవి కూడా. వీటిలో ఏదీ లేకుండా తిండి ఒక్కటే మానేస్తే అది జబ్బు కాదు.

ప్లేనో_నాన్న
వీటిలో ఒక్కటీ లేదు. రాత్రిపూట ట్యాంకంతా తిరుగుతాడు, నీళ్లు తాగుతాడు, డిసెంబరులో కుబుసం కూడా తల నుంచి తోక దాకా ఒక్క ముక్కగా విడిచాడు. చదువుతుంటే కాస్త ఊపిరాడింది. మా అమ్మ ఫోన్‌లో "నాగుల చవితికి పాలు పోశారా" అని అడిగింది, పోయనందుకే ఇలా జరిగిందని ఆవిడ అభిప్రాయం.

హైదరాబాద్_హరి
నిజంగా పాలు పోస్తే తాగుతుందా మరి? వీడియోల్లో తాగుతాయి కదా.

రెస్క్యూ_సత్తి
పాము పాలు తాగదు, దానికి పాలు అరగవు కూడా. మీరు చూసేవి పాములవాళ్లు రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఎండగట్టినవి. ఆ దాహానికి ముందు ఏ ద్రవం పెట్టినా మూతి ముంచుతుంది. ఆ తర్వాత చాలా వరకు చచ్చిపోతాయి. ప్లేనో అన్నా, అమ్మతో మాత్రం వాదన పెట్టుకోకండి, "పుట్టలో పోశాం" అనేయండి.

హైదరాబాద్_హరి
హైదరాబాద్‌లో ఇలాంటిది పెంచుకోవచ్చా? ఈ థ్రెడ్ చదివాక ఆశ పుట్టింది.

రెస్క్యూ_సత్తి
మన దేశపు పామును ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు. మన కొండచిలువ ఆ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. రెండుతలల పాము ఇంట్లో ఉంటే లక్షలొస్తాయని చెప్పేవాళ్ల జోలికి అసలు పోకండి, జైలుకు దగ్గరి దారి. బాల్ పైథాన్ విదేశీ జాతి, అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్న జాబితాలో ఉంది. అలాంటివి ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి, 2024లో దీనికి నియమాలు వచ్చాయి. కాగితాలు లేకుండా ఎవరో సంచిలో తెచ్చి అమ్మితే కొనకండి. ఇంటికి పాము వస్తే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లకు చెప్తే పట్టుకెళ్తారు, అది చూసి ముచ్చట తీర్చుకోండి.

హైదరాబాద్_హరి
ఆశ చచ్చింది. థ్రెడ్ చదువుతూ ఉంటా.

బ్రిస్బేన్_భాస్కర్
మాకు ఆస్ట్రేలియాలో తలకిందులు. బాల్ పైథాన్ పెంచకూడదు, ఇక్కడి పాములైతే లైసెన్సుతో పెంచుకోవచ్చు. నా దగ్గర కార్పెట్ పైథాన్ ఉంది. జూన్, జూలై వస్తే అదీ మానేస్తుంది. దాని అన్నదమ్ములు ఊళ్లో ఇంటి పైకప్పుల్లో తిరుగుతుంటాయి, వాటికి ఎవరు టైం ప్రకారం పెడుతున్నారు?

ఇంకో మాట, ఎవరికైనా నచ్చకపోతే తిట్టండి. మూడేళ్ల మగదానికి రెండు వారాలకోసారి ఎక్కువే. పెద్ద మగవాటికి మూడు నాలుగు వారాలకోసారి చాలు. ఫొటోల్లో చాలామంది పాములు కొవ్వుతో గుండ్రంగా ఉంటాయి, దాన్ని "ఆరోగ్యం" అంటారు. నిండుగా కొవ్వున్న పాము చలికాలం నాలుగు నెలలు మానేస్తే అది దాని తెలివి.

కొండచిలువ_కిట్టు
తిట్టను, సగం ఒప్పుకుంటా. ఎలుక సైజు బట్టి ఉంటుంది. పాము బరువులో 5 శాతం ఉన్న చిన్న ఎలుకైతే రెండు వారాలు పర్వాలేదు. పెద్దదైతే మీరన్నట్టు నెలకోసారి.

గోదారి_గట్టు
మాది ఆడది, నాలుగేళ్లది, అది కూడా మానేసింది. మగవాటికే అన్నారు కదా?

కొండచిలువ_కిట్టు
ఆడవీ మానేస్తాయి. గుడ్లు తయారవుతుంటే మానేస్తాయి, మగది లేకుండా కూడా గుడ్లు పెట్టొచ్చు. సెయింట్ లూయిస్ జూలో 60 ఏళ్లు దాటిన ఒక బాల్ పైథాన్ ఏళ్ల తరబడి మగది తోడు లేకుండానే 2020లో గుడ్లు పెట్టింది. మీది నడుము దగ్గర లావెక్కిందా, చల్లటి వైపే చుట్టుకుంటోందా చూడండి. కుబుసం విడిచే ముందు కళ్లు నీలంగా మారిన రోజుల్లో కూడా తినదు, అప్పుడు అసలు పెట్టకండి.

ప్లేనో_నాన్న
మళ్లీ పెట్టేటప్పుడు ఎలా పెట్టాలో కూడా ఎవరైనా చెప్పండి. నేను ఇప్పటిదాకా గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, పటకారుతో పట్టుకుని ముందు ఆడించేవాణ్ణి.

కొండచిలువ_కిట్టు
ముందు రోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలో పెట్టి పూర్తిగా కరగనివ్వండి (గరాజ్‌లోనే, అత్తగారి శాపం తగలకుండా). తర్వాత జిప్ సంచిలో వేసి వేడినీళ్లలో ఉంచి, ఒళ్లంతా వెచ్చబడ్డాక తల భాగాన్ని హెయిర్ డ్రయ్యర్‌తో ఇంకాస్త వేడి చేయండి. పైథాన్ పై పెదవి వెంట వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయి. గోరువెచ్చగా ఉన్న ఎలుక దానికి ఎలుకలా కనిపించదు. తల దగ్గర 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటాలి.

టైం కూడా ముఖ్యం. చీకటి పడ్డాక, గదిలో లైటు తీసేశాక, అది గూట్లోంచి తల మాత్రం బయటపెట్టి కాచుకున్నప్పుడు పెట్టండి. ఆ రోజు చేతిలోకి తీసుకోవద్దు. ఎలుకను మూతి మీదకు పొడవకుండా పక్క నుంచి మెల్లగా నడిపించండి. పట్టకపోతే గూటి గుమ్మంలో ఒక పళ్లెం మీద వదిలేసి తలుపు వేసి వెళ్లిపోండి. పొద్దున ఉంటే పారేయండి. మళ్లీ రెండు మూడు వారాల దాకా ఆ ఊసే వద్దు.

లెస్టర్_లక్ష్మి
రాత్రికి వదిలేయడమే మా వాడికి పనిచేసింది. మనిషి చూస్తుంటే తినడు, సిగ్గు.

రాజమండ్రి_రాజు
సైజు తగ్గించి చిట్టెలుక కూడా పెట్టి చూడండి. ఆఫ్రికన్ సాఫ్ట్ ఫర్ ఎలుకలని దొరుకుతాయి, బాల్ పైథాన్ల సొంత ఊరి తిండి. ఆ ఎలుకల గూట్లోని చెత్త కాస్త తెచ్చి మామూలు ఎలుకకు రుద్దినా కొన్ని పాములు తినడానికి లేస్తాయి. ఇది ఫ్రోజెన్‌తోనే చెప్తున్నా, డాక్టర్ గారు కోప్పడక్కర్లేదు.

పశువైద్యం_పద్మ
ఇది మంచి సలహా రాజు గారూ. ఒకటే, సాఫ్ట్ ఫర్ రుచి మరిగితే మామూలు ఎలుక వద్దనేవి ఉన్నాయి. వాసన వరకు ఆపుకుంటే మేలు.

గోంగూర_ఘాటు
బిర్యానీ మరిగాక పెరుగన్నం ఎవరికి ఎక్కుతుంది.

ప్లేనో_నాన్న
శివరాత్రి కూడా అయింది, అప్‌డేట్ ఇస్తున్నా. మధ్యలో ఒకసారే పెట్టాను, కిట్టు గారు చెప్పినట్టు. తినలేదు, కానీ ఈసారి పారిపోలేదు. తల ముందుకు చాచి చాలాసేపు చూసి ఊరుకున్నాడు. బరువు 1139. ఆకులు, బెరడు వేశాక పగలు కూడా అప్పుడప్పుడు కనిపిస్తున్నాడు. మా వాడికి ప్రతి ఆదివారం బరువు తూచి పుస్తకంలో రాసే డ్యూటీ ఇచ్చా. "తిందా" అని అడగడం మానేసి "ఎంతుంది" అంటున్నాడు. ఇంకో మాట, స్ప్రింగ్ బ్రేక్‌కి వారం ఊరెళ్లాలి. వదిలి వెళ్లొచ్చా?

కొండచిలువ_కిట్టు
3.5 శాతం, ఏమీ కాదు. చూడటం మొదలుపెట్టాడంటే మార్చిలో ఆశ ఉంది. ఊరికి వెళ్లొచ్చు. నీళ్ల గిన్నె బరువైనది పెట్టి నింపండి, థర్మోస్టాట్ పనిచేస్తోందో లేదో వెళ్లే రెండు రోజుల ముందు నుంచే చూసుకోండి, మధ్యలో ఎవరైనా ఒకసారి వచ్చి నీళ్లు మార్చి, ట్యాంకు మూత తాళం చూసి వెళ్తే చాలు. వెళ్లే ముందు మాత్రం తిండి పెట్టకండి. తిని కక్కితే చూసేవాళ్లు ఉండరు.

అత్తగారి_ఫ్రిజ్
ఇక్కడే అడిగేస్తున్నా, మా కార్న్ స్నేక్ ఎలుకను పట్టి, చుట్టి, చంపినట్టు చేసి వదిలేసి వెళ్లిపోతోంది. చచ్చిన ఎలుకనే మళ్లీ చంపడం ఏంటి?

పశువైద్యం_పద్మ
ఎలుక సైజు పెద్దదై ఉండొచ్చు, లేదా పట్టాక మీరు కదిలి ఉంటారు. కొత్త థ్రెడ్ తెరవండి. పాము బరువు, ఎలుక బరువు రెండూ గ్రాముల్లో రాయండి.